గంట వీడియోలో ఆరు నిమిషాల పాఠం

“సార్, పాపకు కావలసింది దొరికేలోపలే నెట్టు అయిపోయె.”

గులాబీ తోటల్లో పనికి వెళ్లే ఒక తల్లి మా బడికి వచ్చి చెప్పిన మాట ఇది. మాది హోసూరు వైపు తెలుగు మాధ్యమం బడి. ఆమె కూతురు తొమ్మిదో తరగతి. జ్వరంతో నాలుగు రోజులు బడికి రాలేకపోయింది. తప్పిపోయిన లెక్కలు ఇంట్లోనే చూసుకుంటుందని మేం గంటకు పైగా నడిచే వీడియో ఒకటి పంపాం. అందులో ఆ పిల్లకు కావలసింది ఆరు నిమిషాలే. ఆ ఆరు నిమిషాలు ఎక్కడున్నాయో మేం రాసి పంపలేదు. రాయాలన్న ఆలోచనే రాలేదు. వేలితో ముందుకు తోసి, వెనక్కి లాగి, తెర మీద గుండ్రంగా తిరిగే చక్రాన్ని చూసి చూసి, ఆ రోజుకున్న డేటా అంతా అయ్యాక పిల్ల ఫోను తల్లి చేతికి ఇచ్చేసింది.

ఆ వీడియోలు 2020, 2021లో బడులు మూతపడినప్పుడు మేమే తీసినవి. తెలుగులో పాఠాలు యూట్యూబులో లేకపోలేదు. తెలంగాణ టీ-శాట్ పాఠాలున్నాయి, ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయులు పెట్టినవీ ఉన్నాయి. కానీ అవి అక్కడి పుస్తకాల వరసలో నడుస్తాయి. మా పిల్లల చేతిలో ఉండేది తమిళనాడు పుస్తకం. అధ్యాయాల వరస వేరు, ఉదాహరణలు వేరు, కొన్నిచోట్ల పారిభాషిక పదాలే వేరు. అందువల్ల మేం తీసినవి ఎంత నాసిగా ఉన్నా మా పిల్లలకు అవే దగ్గర. బెంచీ మీద పుస్తకాలు పేర్చి, వాటికి ఫోను ఆనించి తీశాం. బోర్డు నిండినప్పుడల్లా ఆపి, చెరిపి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. తర్వాత ఆ ముక్కలన్నీ కలిపి అధ్యాయానికి ఒక ఫైలు చేశాం. దాచుకోవడానికి సులువని చేసిన ఆ పనే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

గంట వీడియోను కూర్చుని చూస్తూ ఏ నిమిషంలో ఏముందో రాయాలంటే ఒకటిన్నర గంట పడుతుంది. బడి పని, బడిది కాని పని పోగా మిగిలే సమయం ఎంతో ఈ పేజీ చదివే ఉపాధ్యాయులకు చెప్పనక్కర్లేదు. ఆ మాటల్లో ఉండగా, మా బడిలోనే చదివి ఇప్పుడు బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న పాత విద్యార్థి ఒకడు పండక్కి వచ్చి మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. విషయం విని, “ఎక్కడెక్కడ కట్ అయిందో యంత్రమే చూపిస్తుంది సార్” అన్నాడు. వెంటనే మరో మాట కూడా అన్నాడు. “దానికి పాఠం తెలీదు. బొమ్మ మారిందా లేదా అన్నదే తెలుస్తుంది.”

ఈ రెండో మాట విలువ మాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది.

బొమ్మ మారిన చోటు

వీడియో అంటే నిలిచి ఉన్న బొమ్మల దొంతర. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీకి 25, ఫోనులో మామూలుగా 30. అంటే ఫోనుతో తీసిన గంట వీడియోలో 1,08,000 ఫ్రేములుంటాయి. కెమెరా మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆపేదాకా వచ్చిన ఫ్రేముల వరసే ఒక షాట్. ఒక షాట్ అయిపోయి మరొకటి వచ్చే చోటును పట్టుకోవడమే ఇక్కడి పని.

ఆ మారడం నాలుగైదు రకాలుగా జరుగుతుంది. ఒక ఫ్రేములో ఒక బొమ్మ, మరుసటి ఫ్రేములో పూర్తిగా వేరే బొమ్మ వస్తే అది కట్. బొమ్మ మెల్లగా చీకటిలోకి జారిపోయినా, చీకటిలోంచి తేలినా ఫేడ్. ఒకటి కరిగిపోతూ ఉండగానే దాని మీద మరొకటి తేలితే డిజాల్వ్. పాత తెలుగు సినిమాల్లో కాలం గడిచిందని చెప్పాలంటే దర్శకులకు చేతికందే ఉపాయం అదే. తెర తీసినట్టు ఒక అంచు నుంచి మరో అంచుకు కొత్త బొమ్మ జరుగుతూ వస్తే వైప్. మొదటిది ఒక్క క్షణంలో జరిగిపోతుంది. మిగిలినవి పదుల ఫ్రేముల మీద పరుచుకుంటాయి. చిక్కంతా ఈ మెల్లగా మారేవాటితోనే.

పక్కపక్క ఫ్రేములను పోల్చి, తేడా పెద్దదిగా ఉన్నచోట గీత గీస్తే సరిపోదా? సరిపోతుంది, తేడాను ఎలా కొలవాలో తేలితే. గడికి గడి పోల్చారనుకోండి. టీచరు చెయ్యెత్తితేనే తేడా, ఫోను కాస్త జరిగితే తెరంతా తేడా. అందుకని చాలా పద్ధతులు బొమ్మలో ఏది ఎక్కడుందన్నది వదిలేసి, ఏ రంగు ఎంతుందన్నది లెక్కపెడతాయి. అంటే పౌనఃపున్య విభాజన పట్టిక వేస్తాయి. మన తొమ్మిదో తరగతి పిల్లలు సోపాన చిత్రం గీయడానికి ముందు వేసేది కూడా అదే. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కంప్యూటరు పని అనగానే అది ఇంగ్లీషు మాధ్యమం వాళ్ల సొత్తని మా పిల్లలు అనుకుంటారు. వాళ్ల తల్లిదండ్రుల్లో కొందరు మరీ గట్టిగా అనుకుంటారు.

ల్యాప్‌టాప్ జోలికి వెళ్లకముందే మేం దీన్ని తరగతిలో గ్రాఫు కాగితం మీద చేయించాం. అడ్డంగా 8, నిలువుగా 8, మొత్తం 64 గళ్లు. ఒక్కో గడి నలుపు, బూడిద, తెలుపు ఈ మూడింటిలో ఏదో ఒకటి. మొదటి బొమ్మలో నలుపు 40, బూడిద 16, తెలుపు 8. రెండో బొమ్మలో 38, 17, 9. వరసకు వరస తేడా తీసి, గుర్తు చూడకుండా కలిపితే 2, 1, 1 కలిసి 4. మూడో బొమ్మలో 10, 14, 40. రెండోదానితో పోలిస్తే తేడా 28, 3, 31 కలిసి 62. ఎక్కడ కట్ ఉందో మేం అడక్కముందే వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది. హద్దు 20 అని పెట్టుకున్నాం. తేడా 20 దాటితే కట్.

తర్వాత ఆ మూడో బొమ్మను మెల్లగా చీకటి చేయించాం. ఒక్కో అడుగులో 6 తెల్ల గళ్లు బూడిదవుతాయి, 6 బూడిద గళ్లు నల్లబడతాయి. 10, 14, 40 కాస్తా 16, 14, 34 అవుతుంది, తర్వాత 22, 14, 28, అలా ఐదు అడుగుల్లో 40, 14, 10కి చేరుతుంది. అడుగుకూ అడుగుకూ తేడా 12 మాత్రమే. 20 హద్దు ఏ అడుగునూ పట్టుకోలేదు. కానీ మొదటి బొమ్మను చివరిదానితో పోలిస్తే తేడా 60. పగలు మెల్లగా పోయి రాత్రి అయిపోయింది, గడియారం మాత్రం గంట కొట్టలేదు.

దీనికి సింగపూరులో పనిచేసిన హాంగ్‌జియాంగ్ జాంగ్, ఆత్రేయి కంకన్‌హళ్లి, స్టీఫెన్ స్మోలియర్ 1993లో అచ్చయిన వ్యాసంలో ఒక ఉపాయం చెప్పారు. ఒక హద్దు కాదు, రెండు పెట్టుకోవాలి. చిన్న హద్దు దాటితే అక్కడ అనుమానంగా గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తున్న ఫ్రేముతో తర్వాత వచ్చేవాటిని పోలుస్తూ పోవాలి. అలా పోగుపడిన తేడా పెద్ద హద్దును దాటితే మెల్లగా మారిందని తేల్చాలి. దాటకుండానే అడుగడుగు తేడా తగ్గిపోతే అనుమానం కొట్టేయాలి. మా పిల్లల లెక్కలో చిన్న హద్దు 8 అనుకుంటే 12 దాన్ని దాటుతుంది. రెండు అడుగులకే పోగు 24 అయి పెద్ద హద్దునూ దాటేస్తుంది. కెమెరాను మెల్లగా పక్కకు తిప్పినా ఇలాగే తేడా పోగుపడుతుంది కాబట్టి, కదలికను విడిగా లెక్కగట్టి దాన్ని తీసేసే మార్గాన్ని కూడా వాళ్లు అదే వ్యాసంలో ఇచ్చారు.

ఎడిటింగు గదుల్లో, టీవీ కేంద్రాల్లో, పాత సినిమాల భాండాగారాల్లో దీని అవసరం మాకన్నా ఎంతో ముందే వచ్చింది. పాత సినిమాను శుభ్రం చేయాలన్నా, నలుపు తెలుపును రంగుల్లోకి మార్చాలన్నా ముందు షాట్లుగా విడగొట్టుకోవాలి. 1957 నాటి మాయాబజార్ 2010లో రంగుల్లో వచ్చినప్పుడు చూసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ ట్రెక్‌విడ్ పేరుతో నడిపే పరీక్షల్లో 2001 నుంచి 2007 దాకా ఈ అంశం ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి పరిశోధకులు ఒకే వీడియోల మీద తమ తమ పద్ధతులను నడిపి పోల్చుకునేవాళ్లు. కట్‌లను పట్టుకోవడం బాగా కుదిరింది. మెల్లగా మారేవి మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. ఈమధ్య వచ్చినవి నేర్చుకునే యంత్రాలు. 2020లో ప్రేగ్‌లోని చార్ల్స్ విశ్వవిద్యాలయం వాళ్లు విడుదల చేసిన ట్రాన్స్‌నెట్ వీ2 ఒకేసారి వంద ఫ్రేములను చూస్తుంది. అయితే ఒక్కో ఫ్రేమును 48 అడ్డం, 27 నిలువు గళ్లకు కుదించి మరీ చూస్తుంది. మొత్తం 1,296 గళ్లు. పిల్లలు గ్రాఫు కాగితం మీద ఓపిగ్గా నింపగలిగిన లెక్కే.

చెరిపిన బోర్డు ఎందుకు కనపడలేదు

మేం వాడింది పైసీన్‌డిటెక్ట్ అనే ఉచిత సాధనం. పాత విద్యార్థి బడి కంప్యూటరులో దాన్ని పెట్టి, ఎలా నడపాలో ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్లాడు. ఒకసారి పెట్టుకున్నాక ఇంటర్నెట్ అక్కర్లేదు. వీడియో ఇస్తే ఏ నిమిషం, ఏ సెకను దగ్గర బొమ్మ మారిందో పట్టిక ఇస్తుంది. ఒక్కో షాట్ నుంచి చిన్న చిన్న బొమ్మలు కూడా తీసిపెట్టగలదు.

మొదటి వీడియో ఫలితం చూసి మురిసిపోయాం. లెక్కల మాస్టారి వీడియోలో ఆయన ఎక్కడెక్కడ ఆపి మొదలుపెట్టారో దాదాపు అన్నీ దొరికాయి. రెండోది మా సహోపాధ్యాయిని చెప్పిన జ్యామితి పాఠం. ఆవిడవి చక్కటి వీడియోలు. కదలకుండా, వెలుతురు చూసుకుని తీసినవి. అందులో మూడో వంతు కట్‌లు కూడా దొరకలేదు. బాగా తీసినది దొరక్కపోవడమేమిటి, అడ్డదిడ్డంగా తీసినది దొరకడమేమిటి అని తల పట్టుకున్నాం.

సంగతి ఇదీ. లెక్కల మాస్టారు తన ఫోను తానే ఆపుకునేవారు. ఆపడానికి ముందుకొచ్చినప్పుడల్లా ఆయన చొక్కా తెరంతా నిండేది. మళ్లీ మొదలుపెట్టి వెనక్కి వెళ్లేటప్పుడూ అంతే. చొక్కా ఎక్కడ, బోర్డు ఎక్కడ! యంత్రానికి అంతకంటే పెద్ద ఆనవాలు ఏం కావాలి? టీచరుగారి ఫోనును మాత్రం వాళ్లబ్బాయి పక్కన నిలబడి ఆపేవాడు. ఫోను కదలదు, ఆవిడ బోర్డు పక్కనే నిలబడి ఉంటారు. కట్‌కు ముందు నిండిన ఆకుపచ్చ బోర్డు, కట్ తర్వాత చెరిపిన ఆకుపచ్చ బోర్డు. మన కంటికి అది ఒక లెక్క పూర్తయి మరో లెక్క మొదలైన చోటు. యంత్రానికి అదే ఆకుపచ్చ, అదే చీర.

లెక్క వేసి చూశాం. బోర్డు మీది సుద్ద గీతలు తెరలో నూటికి ఆరు పాళ్లు అనుకుందాం. వెలుగును 0 నుంచి 255 దాకా కొలుస్తారు. గీత చెరిపిన చోట వెలుగు 150 తగ్గిందనుకున్నా, తెర మొత్తం మీద సగటు తేడా 9. ఆ సాధనం మామూలుగా రంగు, రంగు గాఢత, వెలుగు మూడింటి తేడాల సగటు చూస్తుంది. ముందే పెట్టి ఉంచిన హద్దు 27. తొమ్మిది ఎక్కడ, ఇరవై ఏడు ఎక్కడ. హద్దును బాగా తగ్గిస్తే అవి దొరికాయి. వాటితోపాటు టీచరు చటుక్కున పక్కకు జరగడం, కిటికీ తలుపు కొట్టుకోవడం కూడా కొత్త షాట్‌లుగా వచ్చాయి. ఒక చోట పాఠం మధ్యలో కరెంటు పోయి గది చీకటైంది. దాన్నీ కొత్త పాఠంగా చూపింది.

“టీచర్, మీరు బోర్డు చెరిపింది మాకు కనపడుతోంది కదా, దానికెందుకు కనపడదు?” అని అడిగింది జ్వరంతో బడి మానిన ఆ పిల్లే. మంచి ప్రశ్న. మన కన్ను రంగును లెక్కపెట్టదు, గీతలను చూస్తుంది. గీతలు మాయమైతే కొత్తదని గుర్తిస్తుంది. 1995లో రామిన్ జబీ, జస్టిన్ మిల్లర్, కెవిన్ మై అచ్చం ఈ ఆలోచనతోనే ఒక పద్ధతి ప్రతిపాదించారు. ప్రతి ఫ్రేములో అంచులను, అంటే గీతలను మాత్రం విడదీయాలి. మరుసటి ఫ్రేములో పాత గీతల్లో ఎన్ని మాయమయ్యాయో, కొత్తవి ఎన్ని పుట్టాయో చూడాలి. చాలా గీతలు ఒక్కసారిగా పోయాయంటే అక్కడ ఏదో మారింది. నల్లబల్ల కోసమే పుట్టిన పద్ధతిలా ఉంది! మా సాధనంలో కూడా అంచులను లెక్కలోకి తీసుకునే వీలుంది, కాకపోతే మామూలుగా దాన్ని ఆపి ఉంచుతారు. మా పాత విద్యార్థి ఫోనులోనే చెబుతుంటే దాన్ని తెరిచాం. టీచరుగారి వీడియోల్లో దొరికేవి బాగా పెరిగాయి. అన్నీ దొరకలేదు.

వార్షికోత్సవం వీడియో మీద నడపడం సరదాకి చేశాం. వేదిక మీద దీపాలు రంగులు మారడం, కింద నుంచి ఫోటోల మెరుపులు. పట్టిక పేజీలకు పేజీలు వచ్చింది. మెరుపు పడ్డ ఒక్క ఫ్రేము తెల్లగా అయిపోతుంది, మరుక్షణం పాత బొమ్మే తిరిగొస్తుంది. మెరుపుకు ముందున్న ఫ్రేమును తర్వాతి ఫ్రేముతో పోల్చి, రెండూ ఒకటే అయితే కొట్టేయాలన్న విరుగుడు ఉంది. దాని మీద మేం సమయం పెట్టలేదు. వార్షికోత్సవం చూడ్డానికి ఎవరికీ పట్టిక అక్కర్లేదు.

ఏ తప్పు తక్కువ తప్పు

యంత్రం రెండు రకాల తప్పులు చేస్తుంది. ఉన్నది చూపకపోవడం ఒకటి, లేనిది చూపడం మరొకటి. హద్దు పెంచితే మొదటి తప్పు పెరుగుతుంది, తగ్గిస్తే రెండోది. ఒక వీడియోలో నిజంగా 40 కట్‌లున్నాయనుకుందాం. యంత్రం 45 చూపింది, అందులో 36 నిజమైనవి. ఉన్న 40లో 36 దొరికాయి కాబట్టి దొరికినవి నూటికి 90. చూపిన 45లో 36 మాత్రమే నిజం కాబట్టి నమ్మదగినవి నూటికి 80. ఈ రెండు శాతాలూ కలిపి చెబితే తప్ప ఏ పద్ధతి మంచిదో చెప్పినట్టు కాదు. శాతాల పాఠంలో లాభనష్టాలు, వడ్డీ తప్ప వేరే ఉదాహరణలు దొరకడం లేదనుకునే లెక్కల మాస్టార్లు దీన్ని వాడుకోవచ్చు.

మా పనికి ఏ తప్పు తక్కువ? ఎక్కువ చూపడమే తక్కువ తప్పని మా నిర్ణయం. లేనిపోని గుర్తును బొమ్మ చూసి రెండు సెకన్లలో కొట్టేయవచ్చు. ఉన్న గుర్తు రాకపోతే మళ్లీ మొత్తం చూడాలి, అది తప్పించుకుందామనే కదా ఇంత చేసింది. అందుకే హద్దును తక్కువే పెట్టుకున్నాం. గంట వీడియోకు చిన్న బొమ్మలు కంప్యూటరు తెర మీద వరసగా పరుచుకుని, ఇద్దరం కూర్చుని చూస్తే పావుగంటలో తేలుతోంది.

అప్పుడు మొదలవుతుంది అసలు పని. దొరికిన ముక్కలన్నీ పాఠం ముక్కలు కావు. ఒకే సిద్ధాంతం రుజువు మూడు బోర్డుల మీద నడిచి ఉండవచ్చు. అప్పుడు మూడు షాట్‌లు కలిపి ఒక ముక్క. ఒకే బోర్డు మీద సగం ఒక లెక్క, సగం మరో లెక్క ఉండవచ్చు. అక్కడ యంత్రం గీత గీయదు, మేం గీయాలి. ప్రతి ముక్కకూ తెలుగులో పేరు రాస్తున్నాం, పుస్తకంలో అభ్యాసం సంఖ్యతో సహా. “వర్గమూలం, రెండో ఉదాహరణ, భాగహార పద్ధతి” అని. ఈ పేరు చెప్పగలిగే యంత్రం ఇంకా మా బడికి రాలేదు. వచ్చినా ఏ రాష్ట్రం పుస్తకం వరసలో చెబుతుందో చూడాలి.

చేసి చూడాలనుకునే బడుల కోసం రెండు సంగతులు. వీడియోను మళ్లీ మొదటి నుంచి తయారుచేయకుండా ఉన్నది ఉన్నట్టు కోస్తే పని చిటికెలో అయిపోతుంది, నాణ్యత తగ్గదు. కానీ కోత సరిగ్గా మనం చెప్పిన చోట పడకపోవచ్చు. ఫైలు చిన్నదవడానికి వీడియోలో అక్కడక్కడ మాత్రమే పూర్తి బొమ్మను దాస్తారు, మధ్యలో తేడాలు మాత్రం రాస్తారు. కోత ఆ పూర్తి బొమ్మ దగ్గరే శుభ్రంగా పడుతుంది. అందుకే మొదటి మాట తెగిపోకుండా రెండు మూడు సెకన్లు ముందు నుంచే కోసుకోవాలి. ఇక రెండోది, ఇతరుల వీడియోలను కోసి పంచకండి. వాటికి కాలపట్టిక మాత్రం చాలు. లింకు పక్కన “18 నిమిషాల 20 సెకన్ల నుంచి 24 దాకా” అని రాస్తే పిల్లకు అంతే మేలు, చేసినవాళ్ల హక్కుకూ భంగం లేదు.

ఈ కాలపట్టిక గురించే ఈ పేజీ చదివే మిగతా బడులవాళ్లతో చెప్పాలనిపించింది. సోలాపూరులో తెలుగులో చదివే పిల్లకు మహారాష్ట్ర పుస్తకం, బరంపురంలో పిల్లకు ఒడిశా పుస్తకం, బళ్లారిలో కర్ణాటక పుస్తకం. త్రిభుజాల సర్వసమానత్వం అందరికీ ఒకటే, అది ఏ నెలలో ఏ అధ్యాయంలో వస్తుందన్నదే వేరు. ఒకే తెలుగు వీడియోకు నాలుగు చోట్ల నాలుగు పట్టికలు రాసుకోవచ్చు. బొమ్మ మారే చోట్ల జాబితా మాత్రం నలుగురికీ ఒకటే. దాన్ని ఒకరు తీసి మిగిలినవాళ్లకు ఇస్తే చాలు, అది రెండు పేజీలు మించని కాగితం.

యంత్రం చేతులెత్తేసిన చోటు కూడా చెప్పాలి. మా భౌతికశాస్త్రం మాస్టారికి బోర్డు చెరిపే అలవాటు లేదు. కుర్చీలో కూర్చుని, చేతిలో అద్దమో అయస్కాంతమో పట్టుకుని 50 నిమిషాలు ఏకధాటిగా చెబుతారు. పిల్లలకు ఆయన పాఠమంటే ప్రాణం. ఆయన వీడియోను యంత్రానికి ఇస్తే జవాబు ఒక్క ముక్కలో వచ్చింది. షాట్‌ల సంఖ్య 1. అది తప్పేమీ కాదు, నిజంగా ఒకటే షాట్. కానీ ఆ ఒక్క షాట్‌లో ఓమ్ నియమం ఉంది, శ్రేణి సంధానం ఉంది, సమాంతర సంధానం ఉంది, మధ్యలో ఆయన చిన్నప్పటి కథ కూడా ఒకటి ఉంది. ఇవన్నీ గొంతులో మారతాయి, బొమ్మలో మారవు.

గణితం వీడియోలు పూర్తయ్యాయి. జనవరిలో ఆ పిల్ల మళ్లీ రెండు రోజులు రాలేదు, చెల్లెలికి ఒంట్లో బాగాలేదని. ఈసారి ఏడు నిమిషాల ముక్క ఒకటి, నాలుగు నిమిషాలది ఒకటి పంపాం. మూడో రోజు నోటుబుక్కులో ఆ రెండు లెక్కలూ చేసుకుని వచ్చింది. ఒకదానిలో గుర్తు తప్పింది, దిద్దాం. భౌతికశాస్త్రం వీడియోలు పదకొండు అలాగే ఉన్నాయి. శనివారం సాయంత్రాలు ఒకరం వింటూ, ఒకరం రాస్తూ నడుపుతున్నాం. ఇప్పటికి మూడు అయ్యాయి.